కామెర్ల చురకలు

ఊర్మిలకు పొద్దున లేవగానే తెలిసిపోయింది, ఇవాళ కూడా అన్నం వేళకు అన్నం ఉండదని. పళ్లు తోముకోక ముందే ఫోను మోగిందంటే ఇక ఆ రోజు ఆమెది కాదు. జగిత్యాల జిల్లాలో పిల్లను ఎవరు కొట్టినా, బడి మాన్పించి పనిలో పెట్టినా, పదో తరగతి పిల్లకు పెళ్లి ఖాయం చేసినా, ఆ కబురు అక్కడా ఇక్కడా తిరిగి చివరికి ఊర్మిల చెవిలోనే వచ్చి పడుతుంది. పిల్లల రక్షణ ఆఫీసులో ఆమె సోషల్ వర్కర్. కాంట్రాక్టు ఉద్యోగం. ఇన్నేళ్లలో ఆమెకు పర్మనెంటు అయింది ఒక్క నడుము నొప్పే.

ఈసారి ఫోను చేసింది రచన. కోరుట్ల పక్కన ఒక ఊళ్లో సర్కారు బడి టీచరు, ఉద్యోగానికి కొత్త.

"మేడం, మా మూడో తరగతిల అక్షిత అని ఒక పాప ఉన్నది. చేతి మీద కాల్చిన మచ్చలున్నయి. అడిగితే నోరు తెరుస్తలేదు. హెల్ప్‌లైనుకు చెప్పిన, వాళ్లు మీ నంబరిచ్చిండ్రు."

"ఇంట్ల ఎవలెవలుంటరు?"

"తల్లి లేదు మేడం, జ్వరమొచ్చి చనిపోయింది. తండ్రి మస్కట్ల ఉంటడు. బాపమ్మ, కాక చూసుకుంటరు. కాకకు కోరుట్లల సెల్‌ఫోన్ల దుకాణం ఉన్నది."

ఊర్మిల పొయ్యి మీది చాయ పొయ్యి మీదే వదిలేసింది. ఆఫీసు బండి ఎప్పటిలాగే స్టార్ట్ కానని మొండికేసింది. ఇద్దరు వెనకనుంచి తోస్తే, మహాతల్లి, అప్పుడు కదిలింది.

దారి పొడవునా ఊర్మిల ఫోన్లు చేస్తూనే ఉంది. ఇలాంటి కేసులో పిల్ల ముందు పోలీసుకు చెప్పాలి, తర్వాత డాక్టరుకు చెప్పాలి, ఆ తర్వాత బాలల సంక్షేమ కమిటీ వాళ్లకు చెప్పాలి. ప్రతి చోటా ఒక కుర్చీ, ఒక కాగితం, "ఏమైంది బిడ్డా" అనే ఒక ప్రశ్న. గతంలో ఒక పిల్ల అలా చెప్పి చెప్పి విసిగి, అసలు చెప్పాల్సిన కోర్టులో నోరు మూసేసుకుంది. ఆ కేసు కొట్టుకుపోయింది. అప్పటినుంచి ఊర్మిల పట్టుదల ఒక్కటే, అందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టాలి, పిల్ల ఒక్కసారే చెప్పాలి, అదీ ఇంటివాళ్లు పక్కన లేనప్పుడు. ఈ మాట మీద ఆమె ఎంతమందితో పోట్లాడిందో లెక్కలేదు. "ఊర్మిల మేడం ఫోను చేస్తే ఎత్తాలంటే భయం" అని ఒక డాక్టరు అన్నాడని తెలిసి, ఆ డాక్టరుకే మళ్లీ ఫోను చేసింది.

ఆ రోజు అదృష్టం బాగుంది. పిల్లల డాక్టరు సునీల్ రాత్రి డ్యూటీ దిగి ఇంటికి పోబోతున్నవాడు ఆగాడు. ఎస్సై ప్రేమ్‌కుమార్ బందోబస్తు మధ్యలోంచి వచ్చాడు. పిల్లల ముందుకు యూనిఫాంలో రాకూడదని రూలు కనుక గళ్ల చొక్కా వేసుకొచ్చాడు. రచన తన తరగతిని పక్క టీచరుకు అప్పగించి, పిల్లతోపాటు బండెక్కింది. బాపమ్మ అంటే నాయనమ్మ భూమవ్వ, కాక అంటే చిన్నాన్న రాకేశ్, వెనకాల మోటారు సైకిలు మీద వచ్చారు.

తేలాల్సింది ఒక్కటే. సాయంత్రం కమిటీ లేచేలోగా, అక్షిత ఈ రాత్రి మళ్లీ ఆ ఇంట్లోనే పడుకోవాలా, వద్దా.

పిల్లకు ఎనిమిదేళ్లుంటాయి. రెండు జడలు, బడి గౌను, ఎడమ ముంజేతి మీద మణికట్టుకు కాస్త పైన రెండు మచ్చలు. జగిత్యాల ఆసుపత్రి గదిలో బల్ల మీద కూర్చోబెడితే కాళ్లు కూడా ఊపకుండా కూర్చుంది. ఊర్మిలకు భయమల్లా అట్లా కూర్చునే పిల్లలను చూస్తేనే. అల్లరి చేసే పిల్లను చూసి ఏనాడూ భయపడలేదు ఆమె.

"ముందు ఇంటోళ్లు బయట కూసోండ్రి" అనబోయింది. అంతలోనే భూమవ్వ అందుకుంది. బీడీలు చుట్టి చుట్టి వేళ్ల కొసలు పచ్చబడిన ముసలమ్మ. గొంతులో తత్తరపాటు ఏమీ లేదు.

"కామెర్లయినయి సారూ పిల్లకు. కండ్లు పచ్చగయినయి. కొడిమ్యాలకు తీస్కపోయి చురకలు పెట్టిచ్చినం. కడుపుల పుట్టిన కొడుకు బిడ్డను ఎవలన్న కాలుస్తరా?"

ఆ ఒక్క మాటతో గదిలో అందరి భుజాలూ దిగాయి. చురకలు. కామెర్లకు చురకలు. ఈ వైపు ఊళ్లలో పుట్టి పెరిగినవాళ్లకు ఆ మాట విప్పి చెప్పాలా? కళ్లు పచ్చబడితే చాలు, డాక్టరు దగ్గరికి తర్వాత పోతారు, ముందు చేతి మీద కాల్చి చురకలు పెట్టే ముసలాయన దగ్గరికి పోతారు. మంచిదా చెడ్డదా అంటే డాక్టర్లు చెడ్డదే అంటారు. కానీ అది హింస కాదు, పిచ్చి ప్రేమ. పిల్లను పట్టుకుని ఏడ్చుకుంటూ పెట్టించేది తల్లే.

"కొడిమ్యాలనా? మా ఊరే అవ్వా" అన్నాడు ప్రేమ్‌కుమార్, పొద్దున్నించీ మొదటిసారి ముఖం విప్పి. "మా అమ్మ నాకు గాడనే పెట్టిచ్చింది." చొక్కా చెయ్యి పైకి మడిచి పిల్లకు చూపించాడు. "చూడు బిడ్డా, నాకు గూడ ఉన్నది."

సునీల్‌ది గొల్లపల్లి. ఎంబీబీఎస్ చదివిన చేతి మీద కూడా అదే మచ్చ. "నాకు గూడ. కామెర్లు తగ్గినయో లేదో గని మచ్చ మాత్రం తగ్గలే" అని నవ్వాడు. ఊర్మిల గడియారం పక్కకు జరిపింది. దాని కింద ఆమెదీ ఉంది. తమ్ముడికి కామెర్లైతే, ముందు జాగ్రత్తని ఆమెకు కూడా పెట్టించింది మహాతల్లి వాళ్లమ్మ.

"చూసినవా, అందరికి ఉన్నయి. భయమేం లేదు" అంది ఊర్మిల.

అక్షిత ముగ్గురి చేతులూ ఒక్కొక్కటే చూసింది. తన చెయ్యి చూసుకుంది. పిల్లను విడిగా మాట్లాడించాలన్న సంగతి ఊర్మిలకు, ఆ ఊర్మిలకే, ఆ క్షణంలో గుర్తుకు రాలేదు. అలసిపోయిన మనుషులకు మంచి వార్త చెప్తే ఎదురు ప్రశ్న వేయరు. అది వాళ్ల తప్పే, కాదనను.

సునీల్ కాగితం మీద నాటువైద్యం మచ్చలని రాసి సంతకం పెట్టాడు. ప్రేమ్‌కుమార్ మళ్లీ బందోబస్తుకు బయల్దేరాడు. రచన ముఖం మాడ్చుకుని "సారీ మేడం, అందరిని పరేషాన్ చేసిన" అని బస్టాండుకు పోయింది. రాకేశ్ మాత్రం చాలా మర్యాదగా, చేతులు కట్టుకుని, "నేను పొద్దుగాలనే చెప్తామనుకున్న మేడం. టీచరమ్మ పట్నం పిల్ల, ఆమెకు తెల్వది. పర్వలేదు తియ్యిండ్రి" అన్నాడు. ఇస్త్రీ చొక్కా, మెత్తని మాట. ఊర్మిలకు అతని మీద జాలి కూడా వేసింది.

ఇక మిగిలింది కమిటీ ముందు ఒక్కసారి నిలబెట్టడం. పిల్లను వాళ్లు చూసి సరే అనాలి, అంతే. సాయంత్రం అయిదింటికి తీసుకురమ్మన్నారు. అప్పటిదాకా పిల్ల ఊర్మిల బాధ్యత. భూమవ్వ, రాకేశ్ దుకాణం సామాను ఏదో కొనుక్కొస్తామని బజారుకు పోయారు. ఊర్మిల అక్షితను ఆసుపత్రి ఎదురుగా ఉన్న హోటలుకు తీసుకుపోయింది.

పిల్ల పప్పన్నం పెద్ద పెద్ద ముద్దలు చేసుకుని తింది. ఊర్మిలకు కూడా ఆకలి మండిపోతోంది. నాలుగు ముద్దలు లోపలికి పోయాక ప్రాణం లేచొచ్చింది. అప్పుడు అక్షిత, ఆ పొద్దున్నించీ మొదటిసారి, తనంతట తాను నోరు తెరిచింది.

"మేడం, నువ్వేం చేసినవ్?"

"ఏం చేసుడేంది?"

"నీకు ఎందుకు పెట్టిండ్రు?" పిల్ల చూపు గడియారం మీదుంది. "పక్క తడిపినవా?"

ఊర్మిల చేతిలో ముద్ద అక్కడే ఆగిపోయింది.

"ఎస్సై సారు గూడ పక్క తడిపిండా?" అక్షిత గొంతు తగ్గించింది, పెద్దవాళ్ల పరువు కాపాడుతున్నట్టు. "గంత పెద్ద డాక్టర్ సారు గూడనా?"

ఇలాంటి చోట ఏం అడగాలో, ఏం అడగకూడదో ఊర్మిల ఎంతమందికి ట్రైనింగుల్లో చెప్పిందో. పిల్ల నోట్లో మాట పెట్టకూడదు. ఎవరు, ఎక్కడ, ఎన్నిసార్లు అని గుచ్చకూడదు. మొహంలో భయం కనబడకూడదు. ఇప్పుడు ఆమె మొహంలో ఏం కనబడిందో ఆ దేవుడికే తెలియాలి. నీళ్లు తాగి, మెల్లగా అడిగింది.

"నీ సంగతి చెప్పు బిడ్డా. నీకేమైంది?"

"పక్క తడిపినప్పుడు ఒకటి. బాపుకు ఫోన్ల చెప్పినప్పుడు ఒకటి" అంది అక్షిత, బడిలో పాఠం అప్పజెప్పినట్టు. "కాక గంటె కాల్చి పెట్టిండు. బాపమ్మ చెయ్యి పట్టుకున్నది. తప్పు చేస్తే అందరికి పెడ్తరని కాక అన్నడు. నేను నమ్మలే. రచన టీచర్‌కు లేవు గద, చూసిన నేను." ఇంకో ముద్ద తీసుకుంది. "గని మీకందరికి ఉన్నయి."

ఊర్మిలకు ఆ అన్నం ముందు తల దించుకోవాలనిపించింది. పిల్లను కాల్చినవాడు చెప్పిన మాటను పిల్ల నమ్మలేదు. దాన్ని నమ్మించినవాళ్లు వీళ్లు, ముగ్గురు సర్కారు మనుషులు, చొక్కా చేతులు మడిచి మరీ.

"నేనేం తప్పు చెయ్యలేదు బిడ్డా. అది రోగానికి పెట్టిండ్రు. నువ్వు గూడ ఏం తప్పు చెయ్యలే" అంది.

అక్షిత తలూపింది. నమ్మినట్టు మాత్రం కనిపించలేదు. ఎవరైనా ఎందుకు నమ్ముతారు?

ఊర్మిల మొదట ప్రేమ్‌కుమార్‌కు ఫోను చేసింది. అతను సగం దారిలో ఉన్నాడు. విన్నాక బండి పక్కకు ఆపాడు.

"మేడం, పిల్ల మాట మీద నాకు నమ్మకమే. గని ముసలామె కామెర్లని గట్టిగ నిలబడ్తది. ఆగుండ్రి, మా అమ్మకు చేస్త" అని పెట్టేశాడు. కొంచెంసేపటికి మళ్లీ చేశాడు. గొంతు నీరసంగా ఉంది. "చురకలు పెట్టే తాత పోయి రెండేండ్లాయెనట మేడం. మా ఊర్ల ఇప్పుడు ఎవలు పెడ్తలేరట. 'సావుకు రాకపోతివి, ఇయ్యాల యాది చేస్తున్నవా' అని మా అమ్మ తిట్టింది. కొడిమ్యాల అనంగనే సంబురపడ్డ గని, ఎవల దగ్గర పెట్టిచ్చిండ్రు అని అడగలే సూడుండ్రి. పోలీసోన్ని నేను. బండి తిప్పిన, వస్తున్న."

సునీల్ నిద్రలో ఫోనెత్తాడు. ఊర్మిల చెప్పింది విని, "వస్తున్న" అని ఒక్కమాట అన్నాడు. రచన ఎక్కిన బస్సు మేడిపల్లి దాటింది. రచన మాత్రం పెద్దగా ఆశ్చర్యపోలేదు.

"మేడం, నాకొకటి గిప్పుడే కొట్టింది. కామెర్లంటే పథ్యం ఉండాలె గద? మా హాస్టల్ల ఒక పిల్లకైతే నెల రోజులు ఉప్పు కారం లేని బువ్వ పెట్టిండ్రు వాళ్లింటోళ్లు. అక్షిత ఒక్కనాడు బడి మానలే. మధ్యాహ్నం కూర తిన్నది, గుడ్డు తిన్నది, ఇంకో గుడ్డు అడిగింది గూడ. చురకలు పెట్టిచ్చేటంత భయపడ్డోళ్లు పథ్యం పెట్టకుంటరా?"

"గా మాట పొద్దుగాల ఎందుకు చెప్పకపోతివి రచనా?"

"మీరందరు చేతులు చూపెట్టుకుంట నవ్వుతుంటే నేనేం చెప్త మేడం?"

ఊర్మిల వెనక్కి రమ్మంది. రచన దిగి, ఎదురు బస్సెక్కింది.

నాలుగున్నరకు కమిటీ ఆఫీసు వరండాలో నలుగురూ కలిశారు. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. సునీల్ పిల్ల చెయ్యి మళ్లీ ఒకసారి చూశాడు. ఈసారి మాట్లాడకుండా, నవ్వకుండా.

"ఒకటి పాతది, మానింది. ఇంకోటి మొన్నటిది. కామెర్లకు పెట్టేది ఒక్కసారే పెడ్తరు గద మేడం, నెలకోటి పెట్టరు. రెండు నా కండ్ల ముందటనే ఉండె. కామెర్లు అన్న మాట వినంగనే నా తెలివి బందైంది." పొద్దున రాసిన కాగితం మీద అడ్డగీత కొట్టి, పక్కన సంతకం చేసి, కింద మళ్లీ రాశాడు. చింపి పారేస్తే ఎవరూ అడిగేవాళ్లు కాదు. తప్పును అలాగే కనబడనిచ్చాడు, ఆ మాత్రం ధైర్యం అతనికుంది.

ప్రేమ్‌కుమార్ మడిచిన చొక్కా చేతులు కిందికి దించుకుని గుండీలు పెట్టుకున్నాడు. సునీల్ కూడా. ఊర్మిల గడియారాన్ని మచ్చ మీదికి జరుపుకుని పట్టీ ఒక రంధ్రం బిగించింది.

కమిటీ పెద్ద రాజలింగం సారు రిటైరైన హెడ్మాస్టరు. పొద్దున్నుంచి కూర్చుని కూర్చుని ఆయన కాళ్లు వాచాయి, చెప్పులు విప్పి కుర్చీ కింద పెట్టుకున్నాడు.

"ఏం ఊర్మిలా, మధ్యాహ్నం చురకలని ఫోన్ల చెప్తివి, ఇప్పుడు వాతలంటున్నవు."

"రెండు నేనే అన్న సార్. మధ్యాహ్నం అన్నది తప్పు."

"మరి పిల్లను పిలువు. నేనే అడుగుత."

"వద్దు సార్." ఊర్మిల గొంతు లేచింది. ఆకలి, నడుము నొప్పి, సిగ్గు, అన్నీ ఆ గొంతులోకి వచ్చాయి. "ఒకసారి చెప్పింది. అదీ మేం అడిగితే కాదు, మా చేతులు చూసి మా మీద జాలిపడి చెప్పింది. ఇంకోసారి చెప్పియ్య నేను. డాక్టర్ సారు రాసిండు, ఎస్సై సారు ఊరి సంగతి తెలుసుకున్నడు, టీచరు తిండి సంగతి చెప్పింది. గిన్ని గూడ మీకు సాలకపోతే..."

"ఆగు ఆగు. నేను పిల్లను చూడకుంట ఆర్డరెట్ల రాయాలె? మచ్చల ఊసు తియ్య. సరేనా?"

అలా అని ఆయన అరచేతుల మీదికి చొక్కా అంచులు లాక్కున్నాడు. గుండీ ఊడిపోయి ఉంటే పట్టుకునే కూర్చున్నాడు.

"మీకు గూడ ఉన్నదా సార్?" అంది ఊర్మిల.

"ఉన్నది. కనబడొద్దు గద" అన్నాడాయన.

అక్షిత వచ్చి బల్ల ముందు నిలబడింది. ముందు అందరి చేతులూ చూసింది. అన్నీ కప్పేసి ఉన్నాయి. రాజలింగం సారు ముందుకు వంగి, మూడో తరగతి పిల్లలతో మాట్లాడిన పాత గొంతు తీశాడు.

"బిడ్డా, జగిత్యాలల పిల్లలుండే ఇల్లొకటి ఉన్నది. ఇయ్యాల రాత్రి గాడ పండుకుంటవా?"

అక్షిత ఆలోచించింది.

"గాడ పక్క తడిస్తే ఏమన్న అంటరా?"

రాజలింగం సారు కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ఎంతకీ ముగించలేదు.

"ఏమనరు బిడ్డా" అన్నాడు చివరికి. "దుప్పటి మారుస్తరు."

ఆర్డరు రాశాడు. పిల్ల ఆ రాత్రి రాకేశ్ ఇంటికి పోలేదు.

బయట రాకేశ్ మెత్తదనం అంతా ఎటో పోయింది. మా ఇంటి పిల్లను మాకు కాకుండా చేయడానికి మీరెవలని అరిచాడు. ప్రేమ్‌కుమార్ అరవలేదు. భుజం మీద చెయ్యి వేసి స్టేషనుకు తీసుకుపోయాడు. ఊర్మిల మస్కట్‌లో ఉన్న పిల్ల తండ్రి గంగాప్రసాద్‌కు ఫోను చేసింది. అతను పనిమీదనే ఉన్నాడు, వెనక ఏవో మిషన్ల మోత. అంతా విన్నాడు.

"నాకు చెప్పింది మేడం అది. కాక కాలుస్తున్నడు, నన్ను తీస్కపో అన్నది. నేను మా తమ్మునికే ఫోన్ చేసి, ఏందిరా పిల్ల గిట్లంటుంది అని అడిగిన." మిషన్ల మోతలో అతని గొంతు తెగిపోయింది. "నా భార్య చెల్లె, మా మరదలు సంగీత సిరిసిల్లల ఉంటది. దానికియ్యుండ్రి మేడం నా బిడ్డను. నేను వస్త. సెలవు దొరకంగనే వస్త."

భూమవ్వ మెట్ల మీద కూర్చునే ఉంది. ఊర్మిల పక్కన ఆగింది. తిడదామనే ఆగింది.

"ఒక కొడుకు దేశం పట్టుకపాయె" అంది ముసలమ్మ, ఆమెవైపు చూడకుండానే. "ఇంట్ల ఉన్నది ఒక్కడు. వాన్ని గూడ నేనే పట్టియ్యాల్నా బిడ్డా? చెయ్యి పట్టుకోకపోతే మొఖం మీద పెడ్తనన్నడు."

తిట్టడానికి ఊర్మిలకు ఓపిక లేదు. భూమవ్వను బస్సెక్కించి ఇంటికి పోయింది. పొయ్యి మీద పొద్దుటి చాయ అలాగే ఉంది, మీద మీగడ కట్టి.

అంతటితో అయిపోయిందనుకుంటే పొరపాటు. సిరిసిల్ల వేరే జిల్లా. సంగీత ఇల్లు చూసి రావాల్సింది అక్కడి వాళ్లు. వాళ్లకూ బండి లేదు, మనుషులు లేరు, ఊర్మిల ఫోను చేసినప్పుడల్లా "రేపు పోతం మేడం" అన్నారు. వాళ్ల మీద విసుక్కుంటూనే, తనూ ఎంతమందికి అదే మాట చెప్పిందో గుర్తొచ్చి ఊరుకుంది. చివరికి వాళ్లూ పోయారు, చూశారు, రాశారు. రెండు కమిటీలు మాట్లాడుకున్నాయి. బతుకమ్మ పండుగకు ముందు అక్షిత సిరిసిల్ల చేరింది. రాకేశ్ బెయిలు మీద బయటికి వచ్చాడు. కేసు నడుస్తూనే ఉంది, దాని నడక దానిది.

పండుగ పోయాక ఊర్మిల పిల్లను చూడటానికి సిరిసిల్ల పోయింది. ఆటో దిగగానే సాంచెల మోత. ఆ వాడంతా మరమగ్గాలే, వాటిని అక్కడ సాంచెలనే అంటారు. సంగీత భర్త ముందు గదిలో సాంచెలు నడుపుతాడు. వెనక గదిలో సంసారం. నేసిన బట్ట తాన్లు గోడవారన పేర్చి ఉన్నాయి.

సంగీత పొయ్యి మీద చాయ పెట్టి వచ్చి కూర్చుంది. ఆ మోతలో గట్టిగా మాట్లాడటం అలవాటైన మనిషి.

"మంచిగనే ఉంటుంది మేడం. బడికి పోతుంది. ఏం చెప్పినా చేస్తది. గదే నాకు భయమైతది. మా పోరగాండ్లు చెప్పిందొక్కటి వింటరా?"

అక్షిత ఊర్మిలకు గాజు గ్లాసులో నీళ్లు తెచ్చింది. కాస్త ఒళ్లు చేసింది, జడలకు రిబ్బన్లున్నాయి. ఊర్మిలను చూసి నవ్వబోయింది. గడప దగ్గర కాలు తట్టుకుంది. గ్లాసు జారి బండల మీద పడి పగిలింది. నీళ్లు పారి తాన్ల అడుగుకు పోయాయి.

"అయ్యో, బట్ట" అని సంగీత లేచి తాన్లు పక్కకు లాగింది. తలెత్తి చూసేసరికి పిల్ల అక్కడ లేదు.

అక్షిత వంటింట్లో పొయ్యి దగ్గర నిలబడి ఉంది. పొయ్యి వెలుగుతూనే ఉంది, చాయ పొంగుకొస్తోంది. పిల్ల గౌను ఎడమ చేతిని భుజం దాకా జరుపుకుని, ముంజేతిని ముందుకు చాపి, ముఖం గోడవైపు తిప్పుకుని నిలబడింది. ఏడవడం లేదు. కళ్లు గట్టిగా మూసుకుని, అంతే.

ఊర్మిల గడపలోనే ఆగిపోయింది. పరుగెత్తి ఎత్తుకోవాలని ఉంది. కానీ ఈ ఇల్లు ఆమెది కాదు. పిల్ల చెయ్యి చాపింది తనకు కాదు.

సంగీతకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆమె నోటి మీదికి కొంగు పోయింది. పొయ్యి ఆర్పింది. దండెం మీది పాత బట్ట లాగి, చాపిన ఆ చేతిలో పెట్టింది.

"గాజు పెంకులు నేనేరుత. నువ్వు నీళ్లు తుడువు" అంది.

అక్షిత కళ్లు తెరిచి చేతిలోని బట్టను చూసింది. పోయి కూర్చుని తుడిచింది. ఒక్క చుక్క లేకుండా, తాన్ల కింద కూడా చెయ్యి పెట్టి తుడిచింది. బట్ట పిండి ఆరేసి, మళ్లీ వచ్చి సంగీత ముందు నిలబడింది. ముందు గదిలో సాంచెలు మోగుతూనే ఉన్నాయి.

"ఇగ?" అంది.

"ఇగ ఏంది?"

"తుడిచిన చిన్నమ్మా. ఇగ?"

"ఇగ ఏంలేదు బిడ్డా. అయిపాయె" అంది సంగీత. ఆ మోతలో మాట సరిగా వినబడలేదు. మళ్లీ గట్టిగా చెప్పింది. "అయిపాయె. మేడంకు ఇంకో గిలాస నీళ్లు తే."

అక్షిత ఆర్పిన పొయ్యి వైపు ఒకసారి చూసింది. చిన్నమ్మ ముఖం చూసింది. తర్వాత ఇంకో గాజు గ్లాసే తీసుకుని, నిండా ముంచి, రెండు చేతులతో పట్టుకుని, అడుగులో అడుగేసుకుంటూ తెచ్చింది.

ఊర్మిలకు దాహం లేదు. అయినా ఆ నీళ్లన్నీ తాగింది.